చిన్నబడి నుంచి పెద్దబడికి

అయిదవ తరగతి పూర్తిచేసిన పిల్లవాడు వేసవి సెలవుల్లో ఏ బంధువుల ఇంటికి వెళ్లినా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏమిరా, ఇక పెద్దబడికేనా?" ఆ ప్రశ్నలో కొంత అభినందన ఉంటుంది, కొంత హెచ్చరికా ఉంటుంది. పిల్లవాడు తల ఊపి ఊరుకుంటాడు. పెద్దబడి అంటే ఏమిటో వాడికి ఎవరూ వివరంగా చెప్పి ఉండరు. అక్కడ మాస్టార్లు కఠినంగా ఉంటారనీ, పై తరగతుల పిల్లలు ఏడిపిస్తారనీ, లెక్కలు కొరుకుడు పడవనీ చెవినిబడిన మాటలు మాత్రం మనస్సులో మెదులుతూ ఉంటాయి. తల్లిదండ్రులు ఆ వేసవిలో రెండు జతల బట్టలు, సంచి, నోటుపుస్తకాలు కొని, శక్తి ఉన్నవారు ఒక సైకిలు కూడా కొని, తమ బాధ్యత తీరిందనుకుంటారు.

ఒకటవ తరగతిలో చేర్చేనాడు మనం చేసే సందడి ఇంతా అంతా కాదు. అక్షరాభ్యాసం, పలకా బలపం, తోటిపిల్లలకు పప్పుబెల్లాలు. పదవ తరగతి పరీక్షలనాడు ఇల్లంతా గుసగుసలతోనే మాట్లాడుకుంటుంది. ఈ రెండింటి నడుమ ఆరవ తరగతి గడప దాటే ఘట్టం ఏ ఆర్భాటమూ లేకుండా జరిగిపోతుంది. అయితే చదువు సాగేదీ చతికిలబడేదీ చాలామంది విషయంలో తేలిపోయేది ఈ గడప దగ్గరనే.

ఈ గడప దేశమంతటా ఒకేచోట లేదు. కేరళలో చిన్నబడి నాలుగవ తరగతితోనే ముగుస్తుంది. తమిళనాడులో అయిదవ తరగతితో. కర్ణాటకలో ఏడవ తరగతి వరకు ఒకే ప్రాంగణంలో నడిచే ప్రాథమిక పాఠశాలలు ఎన్నో ఉన్నాయి. తెలుగునాట అయిదు వరకు ప్రాథమిక పాఠశాల, ఆరు నుంచి పది వరకు ఉన్నత పాఠశాల, కొన్ని ఊళ్లలో నడిమి మజిలీగా ప్రాథమికోన్నత పాఠశాల అనే ఏర్పాటు చిరకాలంగా అలవాటైనది. మదరాసు రాష్ట్రపు రోజుల్లో చదువుకున్న వృద్ధులు ఆరవ తరగతిని "ఫస్టు ఫారం" అనేవారు. నిజాం రాజ్యంలో తహతానియా, వస్తానియా, ఫౌఖానియా అని మూడు అంతస్తులు ఉండేవి. నడిమి అంతస్తు వస్తానియా. 2020 జాతీయ విద్యావిధానం ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను మధ్యమ దశగా గుర్తించి, పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వయస్సును ప్రత్యేకంగా చూడవలసిన వయస్సుగా చెప్పింది. పేరు ఏదయినా, పదకొండేళ్ల పిల్లవాడు ఒక బడిని విడిచి మరొక బడికి నడిచి వెళ్లడమే అసలు సంగతి.

చిన్నబడిలో వాడు పెద్దవాడు. గంట కొట్టింది వాడే. ఒకటవ తరగతి పిల్లలను వరుసలో నిలబెట్టింది వాడే. టీచరుగారు అటెండెన్సు రిజిస్టరు తెమ్మంటే పరుగెత్తినవాడూ వాడే. ఆ టీచరుగారికి వాడి తల్లి పేరు తెలుసు, ఇంట్లో గేదె ఈనిన సంగతీ తెలుసు. వేసవి దాటగానే వాడు అందరికన్నా చిన్నవాడయిపోతాడు. పదవ తరగతిలో మీసాలు మొలుస్తున్న కుర్రాళ్లు ఉంటారు. నాలుగైదు ఊళ్ల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. గంటగంటకు ఒక కొత్త ఉపాధ్యాయుడు వస్తాడు. లెక్కల మాస్టారు ఇచ్చిన ఇంటిపని సంగతి సైన్సు టీచరుగారికి తెలియదు. ఆరుగురు ఉపాధ్యాయుల ఆరు పద్ధతులను పదకొండేళ్ల పసివాడు ఒక్కడే సమన్వయం చేసుకోవాలి. మనలో ఎంతమందిమి ఒకేసారి ఆరుగురు అధికారుల కింద పనిచేయగలం?

ప్రభుత్వపు లెక్కలు కూడా ఈ మార్పును ఒప్పుకున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం అయిదవ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్ణయించగా, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 దినాలు, 1000 గంటలు నిర్ణయించింది. మధ్యాహ్న భోజనంలో చిన్నబడి పిల్లవాడికి 100 గ్రాముల ధాన్యం, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అయితే, ఆరవ తరగతి పిల్లవాడికి 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాములు. ఒక్క వేసవిలో వాడి పనీ పెరిగింది, ఆకలీ పెరిగింది. ఇంట్లో పెట్టే కంచం మాత్రం చాలా ఇళ్లలో పాతదే. పొద్దున్న ఏమీ తినకుండా రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లిన పిల్లవాడు రెండవ పీరియడులోనే తూగుతుంటే, అది శ్రద్ధ లేకపోవడం కాదు.

అమెరికాలో ఈ మార్పును శ్రద్ధగా పరిశీలించినవారు ఉన్నారు. రోబర్టా సిమ్మన్స్, డేల్ బ్లైత్ అనే పరిశోధకులు మిల్వాకీ నగరంలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 1987లో ఒక గ్రంథం ప్రచురించారు. ఏడవ తరగతిలో కొత్త పాఠశాలకు మారిన పిల్లలనూ, ఎనిమిదవ తరగతి వరకు పాత బడిలోనే కొనసాగిన పిల్లలనూ వారు పోల్చిచూశారు. బడి మారిన ఆడపిల్లల్లో తమపై తమకున్న నమ్మకం తగ్గినట్లు తేలింది. వారు చెప్పిన మరొక మాట మన తల్లిదండ్రులకు ఎక్కువ ఉపయోగపడుతుంది: బడి మారడం, శరీరం మారడం, ఇల్లు మారడం, ఇంట్లో ఏదయినా కష్టం రావడం వంటివి ఒకదానిమీద ఒకటి ఒకేసారి వచ్చిపడినప్పుడే పిల్లలు ఎక్కువగా తడబడతారు. ఏదో ఒక్క చోటనైనా వారికి మనస్సు కుదుటపడే నెలవు మిగలాలి. కనుక ఆరవ తరగతికి బడి మార్చిన ఏడాదే మాధ్యమం మార్చి, హాస్టలులో వేసి, సాయంత్రానికి ట్యూషను కూడా పెట్టడం వివేకం కాదు. మార్పులను వాయిదా వేయగలిగితే వేయాలి. వేయలేకపోతే పాత స్నేహితుడినయినా, ఆదివారం ఆటనయినా వాడికి మిగల్చాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వద్దాం. పెద్దబడికి పిల్లవాడు ఏమి తీసుకుని వెళుతున్నాడు? సంచి గురించి కాదు ఈ ప్రశ్న.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించి "అసర్" పేరిట నివేదికలు వెలువరిస్తున్నది. 2018 నివేదిక ప్రకారం అయిదవ తరగతి పిల్లల్లో రెండవ తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు సుమారు సగం మందే. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు నూటికి సుమారు 28 మంది. కరోనా అనంతరం 2022లో చదవగలిగినవారి సంఖ్య నూటికి 43కు దిగజారింది. 2024 నాటికి తిరిగి 49 దగ్గరకు చేరుకున్నది. ఈ అంకెల అర్థమేమిటో ఒక్కసారి ఆలోచించండి. ఆరవ తరగతి గదిలో నలభైమంది కూర్చుంటే, వారిలో ఇరవైమంది తమ ముందున్న సాంఘిక శాస్త్రం పుస్తకాన్ని తమంతట తాము చదువుకోలేరు. ఉపాధ్యాయుడు పాఠం చెబుతాడు. వారు నల్లబల్ల మీదిది అందంగా ఎక్కించుకుంటారు. నోటుపుస్తకం నిండుతుంది. తండ్రి దాన్ని తిరగేసి, చేతిరాత చూసి సంతోషిస్తాడు.

చిన్నబడిలో చదవడం నేర్పుతారు. పెద్దబడిలో చదవడం వచ్చునని భావించి మిగిలినవన్నీ నేర్పుతారు. ఈ రెండింటి నడుమనున్న అగాధంలో పడిపోయిన పిల్లవాడిని పైకి లాగడం ఉన్నత పాఠశాలలో ఎవరి ప్రత్యేక బాధ్యతా కాదు. లెక్కల మాస్టారికి లెక్కల సిలబసు ఉన్నది, సైన్సు మాస్టారికి సైన్సు సిలబసు ఉన్నది. చదవలేని పిల్లవాడు అల్లరి చేయడు కూడా. వెనుక బల్లమీద మౌనంగా కూర్చుంటాడు. ఎనిమిదవ తరగతికి వచ్చేసరికి వాడికి బడి అంటే విసుగు పుడుతుంది, పొలంలోనో మెకానిక్ షెడ్డులోనో పని దొరుకుతుంది. "వాడికి చదువు అబ్బలేదు" అని ఇంట్లోవాళ్లు అంటారు. అబ్బకపోవడానికి కారణం వాడి తెలివి కాదు. అయిదవ తరగతి వేసవిలో పది నిమిషాలు పరీక్షించి ఉంటే అది తెలిసేది.

ఆ పది నిమిషాల పరీక్షకు పాండిత్యం అవసరం లేదు. వాడు ఎన్నడూ చూడని ఒక చిన్న కథను ఇచ్చి బిగ్గరగా చదవమనండి. పాఠ్యపుస్తకం వద్దు, అందులోని పాఠాలు చాలామందికి కంఠస్థమై ఉంటాయి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడా, మాటలు మాటలుగా చదువుతున్నాడా, వాక్యం చివర ఆగుతున్నాడా గమనించండి. తరువాత పుస్తకం మూసి, కథ చెప్పమనండి. తమకు చదువురాని తల్లిదండ్రులు కూడా ఈ పరీక్ష చేయగలరు. దినపత్రికలోని వార్త ఒకటి నానమ్మకు చదివి వినిపించమనండి. నానమ్మకు అర్థమయితే పిల్లవాడికి చదవడం వచ్చినట్లే. తడబాటు కనిపిస్తే కంగారుపడి తిట్టవలసిన పని లేదు. రెండు నెలల వేసవిలో రోజుకు అరగంట చొప్పున తనకు నచ్చిన కథల పుస్తకాలు చదివితే పదకొండేళ్ల పిల్లలు ఆశ్చర్యకరంగా పుంజుకుంటారు. ఊరి గ్రంథాలయం ఈ రోజుల్లో ఎవరూ రాక వెలవెలబోతున్న మాట నిజమే గాని, తాళం తెరిచే గ్రంథాలయం ఉన్న ఊళ్లో అదే అన్నిటికన్నా చౌక అయిన ట్యూషను.

లెక్కల సంగతికి వస్తే, ఎక్కాలు రానివారికన్నా భిన్నాలు అర్థం కానివారే ఎక్కువగా దెబ్బతింటారు. సగానికి మూడవ వంతు కలిపితే ఎంత అని అడగండి. పైదానికి పైది, కిందదానికి కిందది కలిపి 2/5 అని చాలామంది చెబుతారు. అప్పుడు సూత్రం చెప్పకండి. ఒక రొట్టె తీసుకుని, "సగం రొట్టె నీ దగ్గర ఉన్నది, ఇంకొంత ఇస్తాను, ఇచ్చిన తరువాత నీ దగ్గర ఉన్నది సగం కంటే తగ్గుతుందా?" అని అడగండి. 2/5 అంటే సగం కంటే తక్కువేనని వాడే కనుక్కుంటాడు. అక్కడి నుంచి రొట్టెను ఆరు ముక్కలు చేసి, మూడు ముక్కలూ రెండు ముక్కలూ కలిపి అయిదు ముక్కలని లెక్కపెట్టడం ఎంతసేపు? ఆరవ తరగతిలో రుణసంఖ్యలు వస్తాయి, అంకెలకు బదులు ఎక్స్ అనే అక్షరం వస్తుంది, నిష్పత్తులు వస్తాయి. భిన్నం మనస్సులో నిలిచిన పిల్లవాడికి ఇవన్నీ పరిచయమైన ముఖాలే. నిలవనివాడికి ప్రతిదీ ఒక కొత్త సూత్రం, బట్టీ పెట్టవలసిన ఇంకొక బరువు.

అయిదవ తరగతి వరకు "పరిసరాల విజ్ఞానం"గా ఒకే పుస్తకంలో ఉన్నది ఆరవ తరగతిలో సామాన్య శాస్త్రంగా, సాంఘిక శాస్త్రంగా రెండు పాయలవుతుంది. 2024లో ఆరవ తరగతికి కొత్త పాఠ్యపుస్తకాలు ప్రవేశపెట్టినప్పుడు ఎన్.సి.ఇ.ఆర్.టి. పాత పద్ధతిలో చదివి వచ్చిన పిల్లలకోసం ఒక నెల వారధి కార్యక్రమాన్ని రూపొందించింది. ఇటువంటి వారధి కొత్త పుస్తకాలు వచ్చిన ఏడాదికే కాక ప్రతి జూన్‌లోనూ అవసరం. చిన్నబడి ఉపాధ్యాయుడు ఒక్కొక్క పిల్లవాడి గురించి రెండు వాక్యాలు రాసి ఉన్నత పాఠశాలకు పంపితే ఎంత మేలు! ఇప్పుడు మార్కులు వెళుతున్నాయి, ఆధార్ సంఖ్య వెళుతున్నది. "ఈమె గట్టిగా మాట్లాడదు, కాని లెక్కల్లో చురుకైనది" అనే మాట మాత్రం వెళ్లదు.

భాష మరొక చిక్కు. తెలుగునాట ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు హిందీ మొదలయ్యేది ఆరవ తరగతిలోనే. పదకొండేళ్ల వయస్సులో మళ్లీ అ, ఆలు దిద్దడం కొందరికి వినోదంగా, కొందరికి అవమానంగా ఉంటుంది. ఇక ఇంగ్లీషు మాధ్యమం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో "సక్సెస్" పాఠశాలల పేరిట వేలాది ఉన్నత పాఠశాలల్లో ఆరవ తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమం సమాంతరంగా ప్రారంభించారు. అప్పటిదాకా తెలుగులో చదివిన పిల్లవాడు ఒక్క జూన్‌లో సైన్సునూ లెక్కలనూ పరభాషలో అందుకోవలసి వచ్చింది. తరువాతి కాలంలో రెండు రాష్ట్రాలూ ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలను తెచ్చాయి. ఇది మంచి ఏర్పాటు. అయితే తెలుగు పుటను దొంగచాటుగా చూడవలసినదిగా భావించే ఇళ్లు ఉన్నాయి. కిరణజన్య సంయోగక్రియ అంటే ఆకు ఎండలో తన ఆహారం తాను వండుకోవడమని ముందు తెలుగులో తెలిసిన పిల్లవాడికి దాని ఇంగ్లీషు పేరు ఒక కొత్త మాట మాత్రమే. విషయం తెలియక పేరు మాత్రమే నేర్చినవాడికి రెండూ మిగలవు.

దూరం సంగతి పట్టణవాసులకు అంతగా తట్టదు. విద్యాహక్కు నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. కాగితం మీద ఒకటికీ మూడుకూ తేడా రెండే. కాని ఆ మూడు కిలోమీటర్లలో ఒక వాగు, ఒక హైవే, కల్లు దుకాణం ఒకటి, మనుషులు కనబడని మామిడితోట ఒకటి ఉండవచ్చు. మగపిల్లవాడి విషయంలో "నడుస్తాడులే" అనుకునే తండ్రి ఆడపిల్ల విషయంలో "ఇక చాలులే" అనుకుంటాడు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు, నాలుగు, అయిదు తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు పలు గ్రామాల్లో తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పడానికి కారణం కూడా ఈ దారే. ఆ ఏర్పాటును 2025లో మార్చారు.

దారి ఎంత పని చేస్తుందో బీహారు అనుభవం చెబుతున్నది. అక్కడ 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చే పథకం ప్రారంభించారు. దానిని అధ్యయనం చేసిన కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ వయస్సు ఆడపిల్లల నమోదు సుమారు మూడవ వంతు పెరిగిందనీ, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ కనుగొన్నారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే లాభం ఎక్కువ. పది మంది ఆడపిల్లలు గంటలు మోగించుకుంటూ ఒక వరుసలో వెళుతుంటే ఏ తండ్రికయినా ధైర్యం వస్తుంది. సైకిలు లేకపోయినా ఆ వరుసను ఊరివాళ్లు ఏర్పాటు చేయవచ్చు. బడి తెరిచే వారం రోజుల ముందే ఆ దారిని పిల్లతోబాటు ఒకసారి నడిచి చూడాలి. ఎంతసేపు పడుతుంది, వానాకాలంలో ఎటు మళ్లాలి, ఆలస్యమయితే ఎవరి ఇంట్లో ఆగాలి అన్నవి మాటలతో కాక కాళ్లతో తెలియాలి. అసలు దారే లేని చోట, 2004లో ప్రారంభమై ఆరవ తరగతి నుంచి ఆడపిల్లలకు వసతితో చదువు చెబుతున్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. వాటి సంగతి తెలియక ఇంటిపట్టున ఆగిపోయే పిల్లలు ఇంకా ఉండడమే విచారకరం.

ఈ వయస్సులోనే శరీరం కూడా మారుతుంది. ఆడపిల్లల్లో ఎనిమిది నుంచి పదమూడేళ్ల లోపల, మగపిల్లల్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపల ఆ మార్పులు మొదలవుతాయి. పెద్దబడికి వెళ్లిన ఏడాదిలోనో మరుసటి ఏడాదిలోనో చాలామంది ఆడపిల్లలు పెద్దమనుషులవుతారు. బంధువులను పిలిచి వేడుక చేయడానికి వెనుకాడని కుటుంబాలు, ఆ సంగతి ముందుగా పిల్లకు చెప్పడానికి సిగ్గుపడతాయి. తరగతి గదిలో, మగ ఉపాధ్యాయుడి ముందు, ఏమి జరుగుతున్నదో తెలియక బెదిరిపోయిన పిల్ల మరునాడు బడికి వెళ్లనని మొండికేస్తే ఆ తప్పు ఎవరిది? తల్లి చెప్పలేకపోతే పిన్ని చెప్పవచ్చు, అక్క చెప్పవచ్చు. ఏమి జరుగుతుంది, ఏమి వెంట ఉంచుకోవాలి, బడిలో ఎవరిని అడగాలి అనే మూడు సంగతులు జూన్‌కు ముందే తెలిసి ఉండాలి. ఆడపిల్లల మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నది, అందులో నీళ్లు వస్తున్నాయా అన్నది చేర్చేనాడే తల్లి స్వయంగా వెళ్లి చూడవలసిన విషయం; ప్రధానోపాధ్యాయుడిని అడగడానికి మొహమాటపడనవసరం లేదు. ఆరవ తరగతి నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను చూసి కొందరు తల్లులు జడుస్తారు. అది రక్తహీనతకు ఇచ్చేది. అన్నం తిన్న తరువాత వేసుకుంటే వికారం తక్కువ. మగపిల్లలతో మాట్లాడవలసిన తండ్రుల గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. గొంతు మారితే వెక్కిరించకుండా ఉండడం మొదటి మెట్టు.

ఆరవ తరగతి మరొక వేటకు కూడా పేరుపడ్డది. నవోదయ విద్యాలయాలు, సైనిక్ పాఠశాలలు ఈ తరగతి నుంచే పిల్లలను చేర్చుకుంటాయి. అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో 1971లో మొదలైన గురుకుల పాఠశాల గ్రామీణ పిల్లల్లోని మెరికలను వెలికితీయడానికి ఏర్పడ్డది. 1986 విద్యావిధానంతో విస్తరించిన నవోదయల ఆశయమూ అదే. ఒక్కొక్క విద్యాలయంలో ఆరవ తరగతికి ఎనభై సీట్లకు మించి ఉండవు. వాటిలో కనీసం నూటికి డెబ్బయి అయిదు గ్రామీణ పిల్లలకు. పేదింటి పిల్లల జీవితాలను ఈ పాఠశాలలు మార్చిన మాట కాదనలేము. అర్హత ఉన్న ప్రతి పిల్లచేతా దరఖాస్తు చేయించవలసిందే. అయితే ఆ రెండు గంటల పరీక్షకోసం పదేళ్ల పసివాడిని ఏడాదిపాటు కోచింగు కేంద్రంలో కూర్చోబెట్టి, అయిదవ తరగతి పాఠాలు అటకెక్కించడం ఎక్కడి న్యాయం? ఎనభైమందికి సీటు దొరికితే వేలమందికి దొరకదు. ఆ వేలమందీ పెద్దబడిలో అడుగుపెట్టేది "నేను తప్పినవాణ్ణి" అనుకుంటూనే. పరీక్ష రాయించే తండ్రి, సీటు రాకపోతే చేరే బడి గురించి కూడా ముందే పిల్లవాడితో ఇష్టంగా మాట్లాడి ఉంచితే ఈ గాయం ఉండదు.

సీటు వచ్చినవారి కథ వేరు. ట్రంకుపెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు సర్దుకుని హాస్టలుకు చేరిన పిల్లలు మొదటి నెలలో ఏడవడం సహజం. ఏడుపు విని పరుగున వెళ్లి, "ఇంకొక వారం చూడు, బాగా లేకపోతే తీసుకుపోతాను" అని మాట ఇచ్చే తల్లి, తెలియకుండానే వాడిని అక్కడ కుదురుకోనివ్వదు. వాడు ఆ వారం రోజులూ సంచి సర్దుకునే ఉంటాడు. మళ్లీ ఎప్పుడు వస్తారో తేదీ చెప్పి, ఆ తేదీకి తప్పకుండా వెళ్లాలి.

చేర్చేనాడు కాగితాల విషయంలో ఒక జాగ్రత్త. బదిలీ పత్రం అడిగిన వెంటనే ఇవ్వవలసిన బాధ్యత పాత బడి ప్రధానోపాధ్యాయుడిది. అది ఆలస్యమయిందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోననకూడదు. విద్యాహక్కు చట్టంలోని అయిదవ సెక్షను ఈ మాట స్పష్టంగా చెబుతున్నది. ప్రవేశ పరీక్ష పెట్టి వడపోయడాన్నీ, కాపిటేషన్ ఫీజునూ ఆ చట్టం నిషేధించింది. తల్లిదండ్రులు కళ్లద్దాలు పెట్టుకుని చూడవలసినవి రెండు: ఇంటిపేరుతో సహా పిల్లవాడి పేరు అక్షరాలు, పుట్టిన తేదీ. వెనుకటి రోజుల్లో బడిలో వేసేనాడు మాస్టారు అంచనా వేసి జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాసేసేవారు. అందుకే ఆ తరంలో అంతమంది జూన్‌లో పుట్టారు! అడ్మిషను రిజిస్టరులో ఇప్పుడు పడిన అక్షరమే పదవ తరగతి ధ్రువపత్రంలోకి, అక్కడి నుంచి ఉద్యోగపు కాగితాల్లోకి నడిచి వెళుతుంది. ఆరవ తరగతిలో చేరేటప్పుడు సరిచేయించుకోవడానికి ఒక దరఖాస్తు, ఒక జనన ధ్రువపత్రం చాలు. పదవ తరగతి దాటాక ఆఫీసుల చుట్టూ తిరిగినవారిని అడిగితే తేడా చెబుతారు.

"ఎంత కొట్టినా ఫరవాలేదు మాస్టారూ, చదువు వస్తే చాలు" అని చెప్పి చేర్చే తండ్రులు ఇంకా ఉన్నారు. ఆ మాట పిల్లవాడి ముందే అంటారు. కొట్టడాన్నీ, మనస్సు నొప్పించడాన్నీ చట్టం నిషేధించిందన్నది అలా ఉంచి, కొత్త చోటికి వచ్చిన పిల్లవాడికి తన తండ్రే తనను అప్పగించి వెళ్లినట్లు అనిపిస్తుంది. దానికి బదులు వాడికి ఇష్టమైనది ఒకటి, కష్టమైనది ఒకటి ఉపాధ్యాయుడికి చెప్పి రావడం మంచిది. పాఠశాల యాజమాన్య కమిటీలో నూటికి డెబ్బయి అయిదుగురు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. ఆ కమిటీ సమావేశాలకు వెళ్లేవారు వేళ్లమీద లెక్కపెట్టదగినంతమంది.

ఇంట్లో చేయవలసినవి చిన్న పనులే. టైంటేబులు గోడకు అంటించాలి. మరునాటి పుస్తకాలు రాత్రే సర్దుకోవడం పిల్లవాడే చేయాలి. తల్లి సర్దితే ఆరు సబ్జెక్టుల లెక్క తల్లికి వస్తుంది, వాడికి రాదు. మొదటి రెండు వారాలు ఏదో ఒక పుస్తకం మరచిపోతాడు, మాట పడతాడు, మూడవ వారానికి నేర్చుకుంటాడు. తొమ్మిది గంటల నిద్రకు లోటు రాకూడదు. అందుకు రాత్రిపూట ఫోను వాడి మంచం దగ్గర ఉండకూడదు. సాయంత్రం రాగానే "ఎన్ని మార్కులు?" అని అడిగితే ఒక అంకె జవాబుగా వస్తుంది. "పక్కన ఎవరు కూర్చున్నారు?" అని అడిగితే ఒక కథ వస్తుంది. జూలై నెలాఖరుకు కూడా ఆ కథలో ఒక్క కొత్త పేరయినా వినబడకపోతే, వాడు ఒంటరిగా ఉన్నాడన్నమాట.

సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అనే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వైద్యుడికి చూపించి, ఏమీ లేదన్నాక, "దొంగవేషాలు" అని ఈసడించే ముందు ఒకసారి గోడమీది టైంటేబులు చూడండి. నొప్పి సోమ, గురువారాల్లోనే వస్తున్నదా? ఆ రెండు రోజులూ మొదటి పీరియడు ఏ సబ్జెక్టుది? లేక ఆ రోజుల్లోనే ఆటల పీరియడు ఉండి, మైదానంలో ఎవరయినా వాడిని వేధిస్తున్నారా? నొప్పి చాలా సందర్భాల్లో నిజమైనదే; దాని మూలం కడుపులో కాక ఆ పట్టికలో ఉంటుంది. అది కనబడిన రోజున తండ్రి ఒక పూట పని మానుకుని, పిల్లవాడిని వెంటబెట్టుకోకుండా, ఆ ఉపాధ్యాయుడిని కలుసుకోవాలి. ఫిర్యాదుగా కాదు, "మావాడు మీ పాఠం దగ్గర జంకుతున్నాడు, ఎక్కడ తప్పిపోయాడో కాస్త చూడండి" అంటే వినని ఉపాధ్యాయులు తక్కువ. ఈ పని ఆగస్టులో చేస్తే పదిహేను నిమిషాల పని. అర్ధసంవత్సరపు పరీక్షలు అయ్యాక అయితే, అప్పటికే వాడు వెనుక బల్లకు మారి ఉంటాడు.